వెయ్యని సూదికి టిక్కు

పాప ఊపిరి లేకుండా పుట్టిన రోజునే టలోర్ ఆసుపత్రి వాళ్ళు కేకు కోశారు. ఆ రెండింటికీ సంబంధం లేదని తరవాత అందరూ పాప తల్లి మెరిన్‌కి చెప్పారు. వాళ్ళ లెక్కలో నిజంగానే లేదు.

కేకు ఎందుకంటే, నెగటివ్ రక్తం ఉన్న గర్భిణులందరికీ వెయ్యాల్సిన సూది ఒక్కరికి కూడా తప్పకుండా వేసిన ఆసుపత్రుల్లో తమదీ ఒకటని రాజధాని నుంచి అభినందన వచ్చింది. ఆ 'అందరి'లో మెరిన్ కూడా ఉంది. నడవాలో చప్పట్లు కొట్టారు. ఎవరో దయగల పిల్ల, ఏ గదిలో ఏం జరిగిందో తెలియక, ఒక ముక్క పళ్ళెంలో పెట్టి మెరిన్ గదికీ తెచ్చింది. మెరిన్ మొగుడు కాలన్ దాన్ని అందుకుని, ఎక్కడ పెట్టాలో తోచక, పాపని తీసుకెళ్ళేదాకా అలా పట్టుకునే నిలబడ్డాడు.

పాపకి ఎల్సి అని పేరు పెట్టారు. పేరైతే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పెట్టొచ్చు.

జరిగింది చెప్పడం కష్టం కాదు. రక్తంలో రీసస్ అనే గుర్తు లెక్కన మెరిన్ నెగటివ్, కాలన్ పాజిటివ్. పెద్దవాడు రోరీకి తండ్రి రక్తమే వచ్చింది, పాపకీ అదే వచ్చింది. తల్లి నెగటివూ బిడ్డ పాజిటివూ అయితే, తల్లి ఒళ్ళు ఎప్పుడో ఒకప్పుడు బిడ్డ రక్తాన్ని పరాయిదనుకుని దాని మీదికి దండు కడుతుంది. మొదటి బిడ్డప్పుడు ఆ దండుకి దారి తెలియదు. రెండో బిడ్డ నాటికి తెలుస్తుంది. అసలు ఆ దండే పుట్టకుండా ఏడో నెలలో ఒక సూది, ఎనిమిదో నెల దాటాక ఇంకొకటి వేస్తారు. ముక్కూ మొహం తెలియని దాతలు చేతులు చాపి ఇచ్చిన రక్తంలోంచి తీసే మందు అది. వాళ్ళ దేశంలో దానికి కరువు లేదు. సీసా తెచ్చి, సూదికి ఎక్కించి, చేతికి గుచ్చాలి, అంతే. ఆ అంతే జరగలేదు.

టలోర్ గర్భిణుల క్లినిక్‌లో ఒక పద్ధతి ఉంది. అక్కడ ఉన్న ఒకే ఒక్క మిడ్‌వైఫ్ బెవ్ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ రోజు రాబోయేవాళ్ళకి జరగబోయేవన్నీ జరిగిపోయినట్టు టిక్కులు పెట్టేస్తుంది. మధ్యాహ్నం సూదులు. ఎందుకంటే వాన పడితే అక్కడ నెట్ పోతుంది, టాస్మేనియా దీవి ఉత్తరపు ఒడ్డున వాన పడని మధ్యాహ్నం ఎవరూ చూడలేదు. వడ్డించకముందే విస్తళ్ళు లెక్కపెట్టుకున్నట్టు అన్నమాట. భోజనం వండితే ఏ గొడవా లేదు.

మెరిన్ ఏడో నెల పరీక్షకి వెళ్ళిన రోజున వంట కాలేదు. మందు సీసాలు పంపే పక్క ఊళ్ళో ఆ రోజు షో సెలవు. ఆవులకీ, ఉల్లిపాయలకీ, ఇంట్లో చేసిన జాములకీ బహుమతులిచ్చే పండగ. వ్యాను డ్రైవరు కూడా మనిషే, వాడూ ఆవుల్ని చూడ్డానికి వెళ్ళాడు. "ఈసారి వచ్చినప్పుడు వేస్తాలే బంగారం," అంది బెవ్. ఈసారి వచ్చినప్పుడు మెరిన్ అడిగితే, తెర మీద చూసి, "నీకు వేసేశాగా!" అంది. "నాకు గుర్తు లేదే," అంటే, "కడుపుతో ఉన్నప్పుడు అందరికీ మతిమరుపే. నా రెండో కాన్పుకి నేను కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను," అని నవ్వింది. బడిలో ముప్ఫై మంది పిల్లల్లో ఎవడికి ఏ పదం రాదో నిద్రలో అడిగినా చెప్పగల టీచరు మెరిన్. అయినా యంత్రమే నిజం చెబుతోందనుకుని ఇంటికి వచ్చేసింది.

ఎనిమిదో నెల దాటాక, రెండో సూదికి ముందు చేసిన రక్తపరీక్షలో యాంటీబాడీలు కనబడ్డాయి. దండు కట్టేసిందన్నమాట. ల్యాబువాళ్ళు బుద్ధిగా ఫోన్ చేసి, "ఈవిడకి మధ్యలో సూది ఏమైనా వేశారా?" అని అడిగారు. సూది మందు కూడా యాంటీబాడీయే. వేసిన కొన్నాళ్ళ దాకా రక్తంలో అదీ ఇలాగే కనిపిస్తుంది. బెవ్ టిక్కు చూసి, వేశామంది. అయితే ఇది ఆ మందు తాలూకుదే, కంగారు లేదని ల్యాబు రాసింది. డాక్టరు గైల్స్ దాని కింద సంతకం చేశాడు. రెండో సూది వేళకే వేశారు, కానీ కట్టేసిన దండు మీద అది పనిచెయ్యదు. ఇంతమంది ఇంత శ్రద్ధగా తమ తమ పనులు చేశారు. తొమ్మిదో నెలలో ఒక పొద్దున పాప కదలడం మానేసింది.

*

ఊళ్ళోవాళ్ళు వంటలు తెచ్చి ఇచ్చారు. ప్రతి గిన్నె అడుగునా తెల్ల టేపు మీద ఇంటిపేరు రాసి ఉంది, తిరిగి ఇవ్వడం మరిచిపోకూడదు కదా. దుఃఖం వచ్చిన ఇంట్లో మకరోనీకి లోటుండదు.

ఆ గిన్నెలు తోముతున్న అత్తగారు నెరీడాతో మెరిన్ మొదటిసారి ఆ మాటెత్తింది. నెరీడా అదే ఆసుపత్రిలో మెడికల్ కోడర్. రోగి ఇంటికి వెళ్ళిపోయాక ఫైలు చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ ఒక అక్షరం, కొన్ని అంకెలు తగిలించడం ఆమె ఉద్యోగం. ఆ అంకెలు రాజధానికి వెళ్తాయి. అక్కడివాళ్ళకి మనుషులు కనబడరు, అంకెలే కనబడతాయి.

"ఎల్సికి, నాకు ఏం కోడ్ వేశారు?" అంది మెరిన్.

"నేను వెయ్యలేదమ్మాయ్. సొంతవాళ్ళ ఫైలు ముట్టుకోకూడదు. పక్క సీటు అబ్బాయి వేశాడు."

"అదే, ఏమని?"

నెరీడా గిన్నె తుడుస్తూనే చెప్పింది. "రీసస్ తేడా వల్ల గర్భిణికి ఆఖరి నెలల్లో అందిన సంరక్షణ."

"సంరక్షణ."

"కోడ్ పేరే అంత. ప్రపంచమంతా అదే పేరు, మేం పెట్టింది కాదు."

"ఎవరు అందించారట?"

"అది కోడ్‌కి అక్కర్లేదు."

మెరిన్ తువ్వాలు తీసుకుని తనూ ఒక గిన్నె తుడవడం మొదలుపెట్టింది. "మొసలి కరిస్తే కోడ్ ఉందని మీరు ఒకసారి చెప్పి తెగ నవ్వారు."

"ఉంది."

"టలోర్‌లో మొసళ్ళున్నాయా?"

"చలికి చచ్చిపోవూ?"

"మరి వెయ్యాల్సిన మందు వెయ్యకపోతే?"

నెరీడా ఆ గిన్నె అడుగున టేపుని గోటితో గీకింది. "దానికీ ఉంది."

"ఎప్పుడైనా వేశారా?"

"నా సర్వీసులో... లేదు. ఒక్కసారీ లేదు."

"అంటే ఈ ఊళ్ళో ఎవరికీ ఎప్పుడూ మందు తప్పలేదు. పుణ్యాత్ముల ఊరు."

"వెటకారం వద్దమ్మాయ్. డాక్టరు రాస్తేనే మేం వేస్తాం. ఆయన రాయంది మాకు జరగనట్టే. పొద్దు పొడిచిందని ఆయన రాయకపోతే ఆ రోజు మా గదిలో చీకటే."

"సీసా రాలేదని ఆ సాయంత్రం మీకు చెప్పాను. మీరు ఇక్కడే కూర్చుని క్యారెట్లు తరుగుతున్నారు."

"విన్నాను. గుర్తుంది. కానీ నేను డాక్టర్ని కాదు." ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. చనిపోయింది ఆమె మనవరాలు కూడానూ.

మెరిన్‌కి ఆ పూట ఒకటి తేలిపోయింది. ఆమెకి క్షమాపణ అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు. ఒక్క వాక్యం కావాలి. 'ఏడో నెల సూది వెయ్యలేదు, వేసినట్టు పెట్టిన టిక్కు తప్పు' అని డాక్టరు ఫైల్లో రాయాలి. అది రాస్తే ఆ కోడ్ పడుతుంది. కోడ్ పడితే రాజధానిలో ఇలాంటి చావుల్ని పరిశీలించే కమిటీ టలోర్ వైపు చూస్తుంది, పొద్దుటి టిక్కులు ఆగుతాయి. రాయకపోతే ఇంకొకామె మతిమరుపుదైపోతుంది.

*

గైల్స్ మంచివాడని ఊరంతా అంటారు. తనని డాక్టరుగారూ అనొద్దనీ, పేరు పెట్టి పిలవమనీ ముందే చెప్పేస్తాడు. మెరిన్ కూర్చోగానే కాగితపు రుమాళ్ళ పెట్టె ఆమె వైపు జరిపాడు. ఆమె దాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపింది.

"ఒక్క వాక్యం రాయాలి గైల్స్."

"నీ బాధ నాకు తెలుసు మెరిన్."

"బాధ గురించి రాయమనలేదు. సూది గురించి."

"చూడు, అది కోడింగ్ వాళ్ళ విషయం. వాళ్ళ పనిలో నేను వేలు పెట్టకూడదు."

"మీరు రాస్తేనే కోడ్ వేస్తామంటున్నారు వాళ్ళు."

"వాళ్ళు అడిగితే చూస్తాను. అయినా రికార్డులో వేసినట్టే ఉంది కదా. రికార్డుని నమ్మాలి మరి."

"నన్ను?"

"నమ్మక కాదు. ఆ నెలల్లో ఒక్కోసారి..."

"మతిమరుపు. బెవ్ కూడా అదే అంది. నేను సరేనని ఇంటికెళ్ళాను."

గైల్స్ కుర్చీలో సర్దుకున్నాడు. ఇంక వైద్యశాస్త్రాన్ని సాయానికి పిలిచాడు. "నిజం చెప్పాలంటే సూది వేసినా లాభం లేకపోయేదేమో. రోరీ కాన్పులోనే లోపల మొదలై ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ మందు పనిచెయ్యదు."

"ఉండొచ్చు," అంది మెరిన్. "సూది వేస్తే ఎల్సి బతికేదో లేదో నాకు తెలీదు. టిక్కు లేకపోయుంటే మాత్రం నా రక్తం చెప్పిన మాట మీరు వినేవారు. అప్పుడే పెద్దాసుపత్రికి పంపేవారు. అక్కడ ముందే కాన్పు చేసేవారు."

ఆయన రుమాళ్ళ పెట్టెని బల్ల మధ్యకి సర్దాడు. "కమిటీ ఉంది కదా, వాళ్ళు చూస్తారు," అన్నాడు.

"వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"కోడ్‌ని బట్టి."

"కోడ్?"

"ఫైల్లో రాసినదాన్ని బట్టి."

"ఫైల్లో రాసేది?"

గైల్స్ గడియారం చూసుకున్నాడు. బయట ఇంకా చాలామంది ఉన్నారన్నాడు. అదీ నిజమే, వరండా నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్ళే.

*

మెరిన్ మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు ఆమె కనబడగానే గొంతు తగ్గించి, తల పక్కకి వాల్చి మాట్లాడేవాళ్ళు. పిల్లలు నయం. "మిస్, మీ పాప చచ్చిపోయిందట కదా?" అని ఒకడు అడిగాడు. అవునంది. "అయ్యో," అని, ఆ వెంటనే రబ్బరు అడిగాడు. ఆ వారమంతటిలో ఆమెతో ఎవరైనా సరిగ్గా మాట్లాడారంటే వాడే.

చిన్న తరగతి చెప్పే టెగన్‌కి తొలిచూలు. ఏడో నెల. ఆమెదీ నెగటివ్ రక్తమే. స్టాఫ్ గదిలో ఆ సంగతి చెప్పి, మెరిన్ ముందు చెప్పానే అని నాలిక కరుచుకుంది.

"క్లినిక్‌కి ఎప్పుడు?" అంది మెరిన్.

"ఇవాళే. బడి అయ్యాక."

"నేనూ వస్తాను. ఒక మూల కూర్చుంటాను, అంతే."

బెవ్ తల తిప్పకుండానే, "రా బంగారం, రా," అని టెగన్‌ని పిలిచింది. "బరువు చూద్దాం, తరవాత బీపీ. సూది అయిపోయింది నీకు, గొడవ లేదు."

"ఎప్పుడు అయింది?"

"ఇదిగో, ఇవాళే."

"ఇప్పుడే కదా చెప్పులు విప్పి లోపలికొచ్చాను! నా చేతికి ఎవరూ చెప్పలేదే ఈ సంగతి," అంది టెగన్ జబ్బ తడుముకుంటూ.

బెవ్ గలగలా నవ్వింది. నవ్వుతూ ఇటు తిరిగి, మూల కుర్చీలో మెరిన్‌ని చూసింది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, లోపల మనిషి మాత్రం లేదు.

బెవ్ లేచి ఫ్రిజ్ తెరిచింది. సీసా తెచ్చి, పేరు రెండుసార్లు చదివి, టెగన్ చేతికి సూది వేసింది. దూది అద్ది, ఆ దూదిని అవసరమైనదానికన్నా ఎక్కువసేపు నొక్కి పట్టుకుంది. టెగన్ చొక్కా చెయ్యి దించుకుని, ఏదో అర్థమై, బయట ఉంటానని వెళ్ళిపోయింది.

"ఒక్కదాన్ని మెరిన్," అంది బెవ్. "ఇంకో మనిషిని ఇమ్మని అడిగితే పోస్టరు ఇచ్చారు." గోడ మీద ఆ పోస్టరు ఉంది. ఊపిరి నెమ్మదిగా పీల్చమని రాసి ఉంది దాని మీద. "మధ్యాహ్నం నెట్ ఉండదు. సాయంత్రం లోగా టిక్కు పడకపోతే, ఎందుకు వెయ్యలేదని పైనుంచి ఫోన్. పడితే ఎవరూ ఏమీ అడగరు."

"తెలుసు. నాకూ పడింది."

బెవ్ కూర్చుండిపోయింది. "నీకు వెయ్యలేదు. సీసాలు రాలేదు. నాకు గుర్తొచ్చింది, కానీ... తరవాత గుర్తొచ్చింది. ఎవరడిగినా చెప్తాను."

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

"రాస్తావా?"

"రాశాను కూడా. మిడ్‌వైఫ్ రాసింది చాలదట, డాక్టరు ఒప్పుకుంటూ రాయాలట. ఆయన బల్ల మీదే ఉంది."

మెరిన్ సంచీ భుజానికి తగిలించుకుంది. తిట్టడానికి ఆమె దగ్గర మాటలు లేక కాదు. ఆ గదిలో తిట్లు తినడానికి ఉన్నది బెవ్ ఒక్కతే, అది ఆమెకి న్యాయంగా తోచలేదు.

"ఇకనుంచి టిక్కు తరవాత పెట్టు బెవ్."

"నెట్ పోతే?"

"పోతే టిక్కే కదా పోయేది. సూది ఉంటుంది."

*

ఈ సంగతి విన్న మూడో రోజు నెరీడా కోడలింటికి వచ్చి, కోటు విప్పకుండానే అంది: "నేను అడిగిస్తాను. అనుమానం ఉంటే కోడర్ డాక్టర్ని ప్రశ్న అడగొచ్చు. పక్క సీటు అబ్బాయి పేరు మీద పంపిస్తాను."

"వెయ్యలేదు కదా అని అడగండి."

"అలా అడగకూడదు. ప్రశ్నలో జవాబు కనబడకూడదు. నియమం."

"నియమం బాగుంది. జవాబులో కూడా జవాబు కనబడకూడదా?"

నెరీడా ఆ మాటకి నొచ్చుకుంది. అయినా వెళ్ళి, ఎవరికీ నొప్పి తగలని ప్రశ్న ఒకటి రాయించింది: ఈ రోగి విషయంలో ఏడో నెల సూది పరిస్థితి దయచేసి స్పష్టం చేయగలరు. గైల్స్ స్పష్టం చేశాడు. 'రికార్డు చూడండి,' అని రాశాడు. రికార్డులో ఉన్నదానికీ బెవ్ రాసినదానికీ పొంతన లేదు, దయచేసి స్పష్టం చేయగలరని మళ్ళీ పంపారు. 'పైన చెప్పినట్టే,' అని వచ్చింది. చిన్నప్పుడు బావిలోకి అరిచినా ఇంతకన్నా మంచి జవాబు వచ్చేది.

అప్పటికి ఫైళ్ళన్నీ గడువులోపల ముగించినందుకు కోడింగ్ గదివాళ్ళకి ఆసుపత్రి పొద్దుటి టీ పార్టీ ఇచ్చింది. ఆ ఆసుపత్రికి కేకు తినడానికి ఎప్పుడూ కారణం దొరుకుతుంది. నెరీడా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇలాంటి పార్టీల్లో వెనక వరసలో నిలబడి, పింగాణీ కప్పులు కడిగి వచ్చేసే మనిషి. ఆ రోజు కప్పు కింద పెట్టి, గైల్స్ ముందుకి వెళ్ళింది.

"గైల్స్, నా కోడలికి ఏడో నెల సూది వేశారా లేదా?"

గైల్స్ నోట్లో ఉన్నది మింగాడు. "నెరీడా, ఇది సమయం కాదు."

"సమయం ఎప్పుడు?"

"కావాలంటే రాసి పంపండి."

"రెండుసార్లు పంపాం. రికార్డు చూడమన్నారు."

"చూడండి మరి."

"చూశాను. మీ సంతకం ఉంది. వేసినట్టు ఉంది. నా మనవరాలు మాత్రం లేదు."

మేనేజరు వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, చాలా మర్యాదగా, గాలి తగిలేచోటికి తీసుకెళ్ళాడు. మర్నాటి నుంచి ఆమెకి కాన్పుల ఫైళ్ళు ఇవ్వడం మానేశారు, మనసు కుదుటపడాలనట. ఇప్పుడు కాళ్ళు విరిగినవాళ్ళూ, కుక్క కరిచినవాళ్ళూ ఆమె వాటా. కుక్క కరిస్తే ఏ డాక్టరైనా వెంటనే రాస్తాడనీ, ఈ పని చాలా తేలికనీ ఆమె మెరిన్‌తో అంది. ఆ సాయంత్రం ఇద్దరూ మొదటిసారి ఒకే బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. తరవాత రోరీకి బంగాళాదుంపలు ఉడకబెట్టారు.

టెగన్‌కి కొడుకు పుట్టాడు. పాజిటివ్ రక్తం, గట్టి గొంతు. బెవ్ ఇప్పుడు సూది వేశాకే టిక్కు పెడుతోంది. నెట్ లేని రోజు ఇంటికి వెళ్ళకుండా కూర్చుని మరీ పెడుతోంది. ఆమె సెలవు పెట్టిన వారం ఒక కొత్తమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి ఆసుపత్రివాళ్ళు నేర్పింది పాత పద్ధతే. ఆ వారం క్లినిక్‌కి ఎవరెవరు వచ్చారో, వాళ్ళలో ఎవరి రక్తం నెగటివో మెరిన్‌కి తెలియదు. తెలుసుకునే హక్కు ఆమెకి లేదు.

ముగిసిన ఫైలైనా డాక్టరు ఒక వాక్యం చేరిస్తే మళ్ళీ తెరిచి కోడ్ మార్చొచ్చని నెరీడా చెప్పింది. దానికి గడువు కూడా లేదట. మెరిన్ వారానికోసారి బడి వదిలాక ఆసుపత్రికి వెళ్ళి అడుగుతుంది. గైల్స్ ప్రతిసారీ లేచి నిలబడి, తలుపు తనే తెరిచి, చూస్తానంటాడు.

ఆయన ఆ వాక్యం ఇంకా రాయలేదు.